జడత్వానికి వైరాగ్యమని పేరు పెట్టరాదు

దేహం అనిత్యమని, ఆత్మ నిత్యమని వేదాంతం బోధిస్తుంది. ఈ బోధ విషయంలో ఆస్తికులకు వివాదం లేదు. అయితే ఈ పరమసత్యాన్ని అడ్డం పెట్టుకొని, అర్ధగంట నడవలేని స్థితిని, పది మెట్లెక్కితే ఆయాసపడే స్థితిని, పద్మాసనం మాట అటుంచి సుఖాసనంలోనైనా పావుగంట నిలువలేని స్థితిని వైరాగ్యంగా చెప్పుకొనే అలవాటు భక్తజనంలో ప్రబలింది. బాల్యం నుంచి కదలక మెదలక పెరిగినవాడు నడివయస్సుకు వచ్చి, "ఈ తోలుతిత్తి మీద మమకారం ఎందుకు?" అంటాడు. వినడానికి అది జ్ఞానివాక్యంలా ఉంటుంది. మమకారం లేకపోవడం వేరు, సామర్థ్యం లేకపోవడం వేరు. కలిగి ఉండి విడిచినవాడిది త్యాగం. ఎన్నడూ సంపాదించనివాడిది లేమి. లేమికి కాషాయం కట్టినంత మాత్రాన అది సన్న్యాసం కాజాలదు.

ఈ భ్రాంతిని ఖండించడమే ప్రస్తుత విషయం. నిశ్చేష్టమైన బాల్యం గడిపినవాడు పెద్దవాడైన తరువాత దేహదార్ఢ్యాన్ని సంపాదించుకోవడం సాధనకు విఘ్నమా, సాధనలో అంగమా? శాస్త్రాన్ని, మహాత్ముల జీవితాలను, ప్రత్యక్షానుభవాన్ని పరిశీలించినప్పుడు రెండవ పక్షమే నిలుస్తుంది.

దోషబీజం బాల్యంలోనే ఉంది

తెలుగు ఇళ్ళలో ఒక ప్రశంస వినిపిస్తూ ఉంటుంది. "మా అబ్బాయి బుద్ధిమంతుడండీ, కూర్చోబెట్టిన చోటు నుంచి కదలడు." పరుగెత్తే పిల్లవాడు అల్లరివాడు, చెట్టెక్కే ఆడపిల్ల గయ్యాళి. కదలనివాడు మాత్రం సాత్త్వికుడు. ఈ కొలమానంతో పెరిగిన సంతానం ఉదయం బస్సులో, పగలు బల్లమీద, సాయంత్రం ట్యూషనులో, రాత్రి ఫోను ముందు కూర్చుంటుంది. నిజాంసాగర్ కాలువల కింది గ్రామాలలో తాతల తరం పిల్లలు గట్ల వెంట నడిచారు, పశువులను తోలారు, నాట్లలో పెద్దలకు అందివచ్చారు. వారి మనుమలు ఇంటిముందు బస్సెక్కి కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో దిగుతున్నారు. చదువు పెరిగింది, సంతోషమే. ఆ చదువుకు మూల్యంగా కాళ్ళను చెల్లించవలసిన అవసరం ఏమి వచ్చింది?

అయిదు నుంచి పదిహేడేళ్ళ వయస్సు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో పదకొండు నుంచి పదిహేడేళ్ళ వారిలో 81 శాతం మందికి ఆ పాటి శ్రమ లేదు. ఫలం ఎదురుగానే ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహగ్రస్తులు సుమారు 10.1 కోట్ల మంది. ప్రమేహానికి కారణాలు చెబుతూ చరకుడు మొట్టమొదట పేర్కొన్నది ఆస్యాసుఖం, అంటే కూర్చుండే సుఖం. దాని వెంటనే చెప్పినది నిద్రాసుఖం. నేటి గృహాలలో శిష్టలక్షణంగా మెప్పు పొందుతున్నది సరిగ్గా ఆ ఆస్యాసుఖమే!

గీత పదునాలుగవ అధ్యాయంలో భగవానుడు తమోగుణం జీవుని ఎలా బంధిస్తుందో చెప్పాడు. ప్రమాదం, ఆలస్యం, నిద్ర అనే మూడు పాశాలతో బంధిస్తుంది. సత్త్వం కూడా నిశ్చలంగానే కనిపిస్తుంది, తమస్సు కూడా నిశ్చలంగానే కనిపిస్తుంది. నిద్రించేవాడూ సమాధిలో ఉన్నవాడూ దూరం నుంచి చూసేవాడికి ఒక్కలాగే ఉంటారు. గాలిలేని చోట వెలిగే దీపం కదలదు, కొండెక్కిన దీపమూ కదలదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడమే మూలదోషం. తమస్సును సత్త్వంగా భ్రమించిన గృహంలో పెరిగిన బాలుడు, పెద్దవాడై అదే భ్రమకు వేదాంతమనే పేరు పెడతాడు.

మొదటి పూర్వపక్షం: "దేహం అనాత్మ, దానికి పోషణ ఎందుకు?"

దేహం అనాత్మ. నిజమే. అయితే మనస్సు కూడా అనాత్మే. బుద్ధి అనాత్మ, ప్రాణం అనాత్మ, జపం చేసే నాలుక అనాత్మ, పురాణం వినే చెవి అనాత్మ. అనాత్మ కనుక ఉపేక్షించవలసిందే అన్న హేతువు సాధువైతే చిత్తశుద్ధికి చేసే ప్రయత్నమంతా వ్యర్థం కావాలి. చిత్తశుద్ధి కావాలని అంగీకరించి, దేహశుద్ధి దేహదార్ఢ్యాలు మాత్రం అక్కరలేదనడం అర్ధజరతీయ న్యాయం. కోడిని సగం కోసి వండుకొని, మిగిలిన సగాన్ని గుడ్ల కోసం ఉంచుకోవడం వంటిది.

శ్రుతి ఏమంటున్నది? తైత్తిరీయంలో భృగువు బ్రహ్మాన్వేషణ అన్నంతోనే మొదలయింది. తండ్రి వరుణుడు అతనిని అన్నమయాన్ని దాటించాడే గాని, దానిని తప్పించి పక్కదారిన తీసుకుపోలేదు. అదే ఉపనిషత్తు శీక్షావల్లిలో మేధను కోరే సాధకుడు ఆ ప్రార్థనలోనే తన శరీరం సమర్థంగా ఉండాలనీ కోరుకుంటాడు. ఆనందమీమాంసలో మానుషానందానికి తొలి కొలతగా ఎవరిని నిలిపారు? యువకుని, సచ్చరిత్రుని, విద్యావంతుని. అక్కడితో ఆగక, అతడు దృఢకాయుడు, బలిష్ఠుడు కావాలని కూడా చెప్పారు. బ్రహ్మానందం వరకు సాగే ఆ గణనలో మొదటి అంకె దృఢమైన మనిషి. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని వర్ణించింది. రథికుడు రథం కాడు, సరే. ఇరుసు విరిగిన రథంలో కూర్చొని "నేను రథికుణ్ణి" అని ఎంత ఘోషించినా గమ్యం దగ్గరకు రాదు.

బలహీనునికి ఆత్మ లభ్యం కాదన్న ముండకోపనిషద్బోధను వ్యాయామప్రియులు తరచుగా ఉదాహరిస్తారు. ఇక్కడ న్యాయం పాటించాలి. ఆ బలం ఆత్మనిష్ఠ వల్ల కలిగే వీర్యమని శంకర భగవత్పాదులు భాష్యం చెప్పారు. కనుక ఆ మంత్రాన్ని కండబలానికి ప్రమాణంగా చూపడం సరికాదు. అయినప్పటికీ సిద్ధాంతానికి హాని లేదు. ఆ ఆత్మనిష్ఠను నిలుపుకోవడానికి కూర్చోవాలి, మేల్కొని ఉండాలి, శ్వాస సాఫీగా సాగాలి. ఈ మూడింటికీ శరీరమే ఆధారం.

పతంజలి చిత్తవిక్షేపాలను తొమ్మిదింటిని లెక్కించాడు. అందులో మొదటిది వ్యాధి, రెండవది స్త్యానం, అంటే మందకొడితనం. ఆలస్యానికి విడిగా మరొక స్థానం ఇచ్చాడు. సంశయం కన్నా, భ్రాంతి కన్నా ముందు వ్యాధిని నిలిపిన మహర్షి దేహాత్మవాది అని ఎవరూ అనలేరు. అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఆరోగ్యవంతుడు ధ్యానంలో దేహాన్ని మరువగలడు. మోకాలు నొప్పి ఉన్నవాడు ధ్యానానికి కూర్చుంటే మోకాలే ధ్యేయవస్తువు అవుతుంది. దేహాన్ని మరువాలంటే అది మరువదగినట్లు ఉండాలి. దేహాన్ని ఉపేక్షించినవాడే చివరకు రోజంతా దేహచింతలో, మాత్రల లెక్కలో మునిగిపోతాడు. దేహాభిమానానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఈ సందర్భంలో అరుణాచల రమణులను ఉదాహరించేవారు ఉన్నారు. పాతాళలింగం వద్ద పురుగులు తొడలను తొలిచినా ఆయనకు దేహస్పృహ లేదు కదా అంటారు. ఆ ఘట్టం నిజం. దానికి ముందున్న కథ కూడా నిజం. మధురలో ఉన్నప్పుడు వేంకటరామన్ అనే ఆ బాలుడు కుస్తీ పట్టేవాడు, బంతి ఆడేవాడు, ఈదేవాడు. 1896లో పదహారేళ్ళ వయస్సులో మరణానుభవం కలిగినప్పుడు అది దృఢమైన దేహంలో కలిగింది. తరువాతి కాలంలో మహర్షి గిరిప్రదక్షిణ చేశారు, తెల్లవారకముందే వంటశాలలో కూర్చొని కూరలు తరిగారు. సమాధిస్థితిలోని దేహవిస్మృతిని మంచంమీది బద్ధకానికి సాక్ష్యంగా తేవడం మహర్షికి అపచారం.

రెండవ పూర్వపక్షం: "ఇది ప్రారబ్ధం"

"ఈ దేహం ఇలా ఉండాలని రాసిపెట్టి ఉంది" అన్నది రెండవ వాదం. ప్రారబ్ధం దేహాన్ని ఇచ్చింది. దానిని రేపు ఉదయం లేపి నడిపించాలా వద్దా అన్నది ప్రారబ్ధం చేతిలో లేదు. దైవం అనే పేరుతో చేతులు ముడుచుకొనేవారిని యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం నిశితంగా ఖండించి పురుషప్రయత్నాన్నే నిలబెట్టింది. ప్రారబ్ధవాది ప్రవర్తన కూడా విచిత్రమైనది. జ్వరం వస్తే మాత్ర వేసుకుంటాడు, పంటి నొప్పికి వైద్యుని వద్దకు పోతాడు, పిల్లవాడికి మార్కులు తగ్గితే ట్యూషను పెడతాడు. నడక విషయంలో మాత్రమే అతనికి ప్రారబ్ధం గుర్తుకు వస్తుంది. కర్మ చేయకుండా శరీరయాత్ర కూడా సాగదని గీత మూడవ అధ్యాయంలో భగవానుడు స్పష్టం చేసి ఉండగా, ఈ వాదానికి శాస్త్రంలో నిలువ నీడ లేదు.

ఈ ఖండన రోగుల మీద గాని, అంగవైకల్యం గలవారి మీద గాని కాదు. ఎనిమిది వంకరల దేహంతో జనకసభకు వచ్చిన అష్టావక్రుని ఈ ధర్మం గురువుగా పూజించింది. ఎవరికి ఉన్న దేహంలో వారికి సాధ్యమైనంత సామర్థ్యాన్ని మేల్కొల్పడమే ఇక్కడ చెప్పే ధర్మం. సాధ్యమై ఉండి చేయనివారికే ఈ మందలింపు.

మూడవ పూర్వపక్షం: "బాల్యం గడిచిపోయింది, ఇప్పుడేమి లాభం?"

మూడు వాదాలలో కరుణకు పాత్రమైనది ఇదొక్కటే. ఎందుకంటే దీనిని చెప్పేవాడు శాస్త్రాన్ని వక్రీకరించడం లేదు, నిరాశపడుతున్నాడు. అతనికి సమాధానం మహాత్ముల జీవితాలలో ఉంది.

తెలుగు మాట విస్తారంగా వినిపించే కోలారు జిల్లాలో, బెళ్ళూరు అనే గ్రామంలో, 1918 డిసెంబరు 14న ఒక శిశువు జన్మించాడు. ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి దేశాన్ని ఊపివేస్తున్న కాలం. పుట్టుకతోనే బలహీనుడు. తొమ్మిదేళ్ళకు తండ్రి గతించాడు. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇతర బాలురు ఆటలాడే వయస్సు అతనికి రోగశయ్యమీద గడిచింది. 1934లో మైసూరులో ఉన్న బావగారు తిరుమలై కృష్ణమాచార్యుల వద్దకు చేరినప్పుడు ఆ బాలుడు ముందుకు వంగితే చేతులు నేలకు అందే స్థితి లేదు. మోక్షం కోసం అతడు యోగం మొదలుపెట్టలేదు. ఆరోగ్యం కోసం మొదలుపెట్టాడు. ఆయనే బి.కె.ఎస్. అయ్యంగార్. 1937లో పూనాకు బోధకుడుగా వెళ్ళాడు. 1966లో వెలువడిన ఆయన యోగగ్రంథం ప్రపంచమంతటా వ్యాపించింది. తొంభై దాటిన తరువాత కూడా అభ్యాసం మానలేదు. 2014లో పద్మవిభూషణ్ అందుకొని, అదే సంవత్సరం ఆగస్టు 20న తొంభై అయిదేళ్ళ వయస్సులో దేహం చాలించాడు. పతంజలి సూత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్యను చూస్తే, ఆరోగ్యమనే వాకిలి నుంచి ప్రవేశించినవాడు ఎంత లోపలికి పోగలడో తెలుస్తుంది.

గాంధీ మహాత్ముని జీవితం మరొక నిదర్శనం. రాజకోట పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు పైతరగతుల బాలురకు వ్యాయామాన్ని, క్రికెట్టును నిర్బంధం చేసినప్పుడు ఆ పిల్లవాడికి అవి రుచించలేదు. వ్యాయామానికి చదువుతో సంబంధం లేదన్న నాటి తన అభిప్రాయం తప్పని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. ఆయనను నిలబెట్టింది నడక. ఆ నడక అలవాటు 1930లో అరవయ్యేళ్ళ వయస్సులో, మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి, ఏప్రిల్ 5న దండి చేరేవరకు సుమారు 385 కిలోమీటర్లు ఆయనను తీసుకుపోయింది. ఆటస్థలాన్ని తప్పించుకున్న బాలుని కాళ్ళే ఒక సామ్రాజ్యాన్ని కదిలించాయి.

మహాత్ముల మాట సామాన్యులకు వర్తించదని అనేవారికి వైద్యశాస్త్రం సమాధానం చెబుతుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో తొంభై ఏళ్ళు దాటిన లేక దానికి సమీపించిన పదిమంది దుర్బల వృద్ధులతో ఎనిమిది వారాల పాటు బరువులెత్తించే అభ్యాసం ప్రారంభించారు. ఒకరు మధ్యలో మానుకొనగా, పూర్తి చేసినవారి కాలి కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. 1966లో డల్లాస్‌లో ఇరవయ్యేళ్ళ యువకులు అయిదుగురిని మూడు వారాలు మంచంమీద కదలకుండా ఉంచారు. ముప్పై ఏళ్ళ తరువాత వారినే మళ్ళీ పరీక్షించగా, ముప్పై ఏళ్ళ వార్ధక్యం తగ్గించిన శ్రమశక్తి కన్నా ఆ మూడు వారాల నిశ్చేష్టత తగ్గించినదే ఎక్కువని తేలింది. వయస్సు దొంగ అయితే జడత్వం గజదొంగ. ఆ యాభై ఏళ్ళవారికి ఆరు నెలలు శిక్షణ ఇస్తే, వయస్సు హరించిన శ్రమశక్తి తిరిగి వచ్చింది.

పోయినదంతా తిరిగి వస్తుందా? రాదు. అసత్యం చెప్పి ఆశ పెట్టడం ధర్మం కాదు. బాల్య యౌవనాలలో ఎముక సంతరించుకోవలసిన దార్ఢ్యంలో కొంత శాశ్వతంగా తగ్గిపోతుంది. దీనికి నిజాంసాగరమే దృష్టాంతం. మంజీరా నదికి అడ్డంగా 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ జలాశయం మొదటి సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. ఏడాదికేడాది ఒండ్రు చేరింది. ఎవరూ చూడని అడుగున చేరింది. నీటి ఉపరితలం మాత్రం నిర్మలంగానే కనిపించింది. అయిదు దశాబ్దాలు తిరగకముందే సామర్థ్యం సగానికి మించి తరిగిపోయింది. అప్పుడు ఇంజనీర్లు "ఇక ఇంతే" అని గట్టు దిగి వెళ్ళిపోలేదు. పూర్తి నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచి సామర్థ్యాన్ని సుమారు 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఇరవై తొమ్మిది తిరిగి రాలేదు. తిరిగి వచ్చిన పదిహేడుతోనే నేటికీ పొలాలు తడుస్తున్నాయి. నిశ్చేష్ట బాల్యం ఒండ్రు వంటిది. పోయిన లోతు కోసం విలపించేవాడికి ఉన్న లోతులోని నీరు కూడా దక్కదు.

శిక్షణ దొరకక నిద్రించే శక్తి ఎంతటిదో తెలియడానికి ఆ చుట్టుపక్కలనే మరొక సాక్ష్యం ఉంది. నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్న తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్ళ వయస్సులో ఎవరెస్టు శిఖరం అధిరోహించింది. ఆమె పుట్టిన పాకాల గ్రామంలో మంచుకొండలు లేవు. భువనగిరి రాతిగుట్ట మీద నేర్చుకున్న పాఠమే ఆమెను అక్కడికి చేర్చింది. హనుమంతుడంతటివాడు కూడా తన బలాన్ని తాను ఎరుగక సముద్రతీరంలో మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు వచ్చి గుర్తు చేయవలసి వచ్చింది. పిల్లలకు ఈనాడు కొరవడినది బలం కాదు, జాంబవంతులు.

యువకుడు, వృద్ధుడు, అతివృద్ధుడు, రోగి, దుర్బలుడు, ఎవరైనా అభ్యాసం వల్ల సిద్ధి పొందుతారని హఠయోగ ప్రదీపిక ప్రకటించింది. వయస్సును సాకుగా చూపేవారికి ద్వారం అక్కడే మూసుకుపోయింది.

నాలుగవ పూర్వపక్షం: "వ్యాయామం అహంకారాన్ని పెంచుతుంది"

ఇందులో సత్యాంశం ఉంది. అద్దం ముందు నిలబడి కండలను ఫొటోలు తీసుకొనే వ్యామోహం దేహాభిమానమే. హిరణ్యకశిపుని బలం అతనిని రక్షించలేదు. అయితే దోషం బలానిదా, బలాన్ని "నాది" అనుకొనే బుద్ధిదా? శాస్త్రపాండిత్యం కూడా అహంకారాన్ని పెంచుతుంది. అందుకని ఎవరూ నిరక్షరాస్యతను సాధనగా ఉపదేశించలేదు. తమస్సులో ఉన్నవాడు ఒక్క గంతులో సత్త్వంలో పడడు. రజస్సు అనే మెట్టు మీద కాలు పెట్టక తప్పదు. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన వివేకానందస్వామి, 1897లో మద్రాసులో యువకులకు గీతాధ్యయనం కన్నా ముందు బంతాటను ఉపదేశించడంలోని మర్మం ఇదే. బలం ఉన్నవాడికే గీతార్థం బాగా తెలుస్తుందని ఆయన ఆశయం. ఈ విషయంలో హనుమంతుడే ప్రమాణం. ఆయనంతటి బలవంతుడు లేడు, ఆయనంతటి దాసుడూ లేడు. తెలంగాణలో తాలింఖానాలో కుస్తీకి దిగేముందు ఆంజనేయునికి మొక్కే ఆచారం ఈ రెండింటినీ కలిపే సేతువు.

భక్తిసంప్రదాయం కాళ్ళను ఎన్నడూ విస్మరించలేదు. ప్రదక్షిణం, సాష్టాంగ నమస్కారం, సూర్యనమస్కారం, పొర్లుదండాలు, ఇవన్నీ దేహంతో చేసే అర్చనలే. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. మహారాష్ట్ర సరిహద్దు మండలాల విఠలభక్తులకు తెలిసిన ఆళంది పల్లకీ పండరిపురం వరకు సుమారు 250 కిలోమీటర్లు కాలినడకనే సాగుతుంది. కాళ్ళు ఉండి మెట్ల దారిని మరచినవాడు సగం పూజను మరచినట్లే.

మితమే మార్గం

బాల్యమంతా కూర్చున్నవాడు ఒక్క నెలలో వీరుడు కావాలని తొందరపడడం మరొక అవివేకం. తినడంలోను, తిరగడంలోను, పనిలోను, నిద్రలోను మితం పాటించేవాడికే యోగం దుఃఖహరమవుతుందని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. ఆయుర్వేదం వ్యాయామానికి అర్ధశక్తి అనే హద్దు పెట్టింది. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, ఊపిరి నోటి ద్వారా ఆడడం మొదలైతే సగం బలం వ్యయమైనట్లు గుర్తు. అక్కడ ఆగాలి. అతివ్యాయామం రోగకారకమని చరకుడు హెచ్చరించాడు.

కనుక మొదటి వారం ఉదయం పది నిమిషాల నడక చాలు. తరువాత ఇరవై, ఆపై ముప్పై. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు అవసరమని నేటి వైద్యుల మాట. కుర్చీ నుంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నేలపై కూర్చొని భుజించడం, రెండు సూర్యనమస్కారాలతో మొదలుపెట్టి మెల్లగా పన్నెండుకు చేరడం, ఇవి ధనం అడగని సాధనలు. హృద్రోగం, మధుమేహం, కీళ్ళ వ్యాధి ఉన్నవారు వైద్యుని సంప్రదించి మొదలుపెట్టాలి. నడకతో నామజపం జోడిస్తే కాలం వృథా అయిందన్న చింత కూడా ఉండదు.

గృహస్థులైన సాధకులకు ఇంతకన్నా పెద్ద బాధ్యత ఒకటి ఉంది. తమ బాల్యం గడిచిపోయింది, పిల్లల బాల్యం ఇంకా గడవలేదు. సాయంత్రం ఒక గంట పిల్లవాడిని పుస్తకం నుంచి, ఫోను నుంచి విడిపించి మట్టిలోకి పంపడం విద్యాదానంతో సమానమైన దానం. శాంతస్వభావుడని మెచ్చుకొంటూ ఆ గంటను హరించినవారు, నలభై ఏళ్ళ తరువాత అతడు పట్టే మంచానికి ఈనాడే కోళ్ళు అమరుస్తున్నారు.

కుమారసంభవంలో తపస్సు చేస్తున్న పార్వతిని వటువేషంలో వచ్చిన పరమశివుడు అడిగిన ప్రశ్నలలో ఒకటి, ఆమె తన శక్తికి తగినట్లే తపస్సు చేస్తున్నదా అని. ధర్మసాధనలన్నింటిలో శరీరం మొదటిదని కాళిదాసు ఆ మాటకు కారణం చూపాడు. సాక్షాత్తు ఈశ్వరుడే కుశలమడిగిన శరీరాన్ని తుచ్ఛమని తోసిపుచ్చే అధికారం, దానిని పది అడుగులు నడిపించలేని వానికి ఎక్కడిది? ముందు లేచి నడవాలి. దేహాన్ని దాటే మాట ఆ తరువాతిది.